పుస్తకాల బీరువా తాళం ఎవరి చేతిలో?

గత జనవరిలో అనకాపల్లి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాల వారు పఠన పోటీల బహుమతి ప్రదానానికి నన్ను ఆహ్వానించారు. ఏడాదిలో ఎక్కువ పుస్తకాలు చదివిన విద్యార్థికి ప్రథమ బహుమతి. గెలిచిన అమ్మాయి తాను చదివిన కథల గురించి చక్కగా మాట్లాడింది. ఆ బహుమతికి ఆమె అర్హురాలేననడంలో నాకు సందేహం లేదు. కార్యక్రమం ముగిశాక గ్రంథాలయం చూస్తానన్నాను. స్టాఫ్‌రూములో రెండు ఇనుప బీరువాలు చూపించారు. పుస్తకాలు కొత్తవే. కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఇష్యూ రిజిస్టరు అడిగి తిరగేశాను. సాంఘిక సంక్షేమ వసతి గృహంలో ఉంటూ ఆ బడిలో చదివే పిల్లల్లో ఒక్కరి పేరూ అందులో కనిపించలేదు. కారణం అడిగాను. "హాస్టలుకు వెళ్లిన పుస్తకం తిరిగి రాదండీ. రేపు ఆడిట్‌లో లెక్క తేలకపోతే మా జీతంలోంచి కట్టుకోవాలి" అని ఇన్‌చార్జి ఉపాధ్యాయుడు నిజాయితీగానే చెప్పారు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీ. పేటలో మాది ఒంటి గది ఇల్లు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కథల పుస్తకం ఒకటి ఇంటికి తీసుకెళ్తానని అడిగితే, "మీ ఇంట్లో పుస్తకం పెట్టుకునే చోటెక్కడుందిరా?" అన్నారు మా మాస్టారు. ఆయన నన్ను ఎన్నడూ కులం పేరుతో తిట్టలేదు. పరీక్ష ఫీజు కట్టలేని ఏడాది తన జేబులోంచి కట్టారు కూడా. కానీ పుస్తకం మాత్రం ఇవ్వలేదు. ఆ ఏడాది బడిలో జరిగిన పఠన పోటీలో నేను పాల్గొనలేదు. చదవనివాడు పోటీకి ఏం వెళ్తాడు?

బడి గ్రంథాలయాలకు డబ్బు లేదనే మాట పూర్తి నిజం కాదు. 2018-19లో మొదలైన సమగ్ర శిక్షా పథకం కింద గ్రంథాలయ గ్రాంటు ఉంది. ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000 రూపాయల నుంచి పన్నెండో తరగతి వరకూ ఉన్న బడికి 20,000 రూపాయల వరకూ ఇవ్వవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో వార్తాపత్రికలు, కథల పుస్తకాలు ఉండాలనీ రాసి ఉంది. 2020 చివర్లో మన రాష్ట్రంలో 'చదవడం మాకిష్టం' పేరుతో ప్రచారోద్యమం కూడా నడిచింది. మొత్తం చిన్నదే, కాదనను. అయితే ఆ గ్రాంటు బడి స్థాయిని బట్టి వస్తుంది; ఆ బడిలో చదివే పిల్లలెవరన్నది చూడదు. ఇంట్లో అయిదు అరల పుస్తకాలున్న పిల్లవాడికీ, పాఠ్యపుస్తకం తప్ప మరో కాగితం లేని పిల్లవాడికీ అది సమానమే. ఖర్చయిందా లేదా అన్నది అధికారులు అడుగుతారు. పుస్తకం ఎవరింటికి వెళ్లిందన్నది అడిగే గడి వినియోగ ధ్రువపత్రంలో లేదు.

ఆడిట్ భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. చిన్న జీతాల మీద రికవరీ పడుతుందంటే ఎవరైనా తాళమే వేస్తారు. కానీ దీనికి పరిష్కారం ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017) 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకులు తీసుకున్న లేదా సంప్రదించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోయినా, అందులో మోసమో నిర్లక్ష్యమో లేకపోతే, సహజ నష్టంగా పరిగణించవచ్చంటుంది. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ నియమంలో నాకు నచ్చింది ఒకటుంది. అది నష్టాన్ని బీరువాలో ఉన్న పుస్తకాలతో కాక, చేతులు మారిన పుస్తకాలతో లెక్కిస్తుంది. ఎవరికీ పుస్తకం ఇవ్వని గ్రంథాలయానికి పోగొట్టుకునే హక్కు కూడా లేదు. ఇది కేంద్ర సంస్థల నియమం; మన పాఠశాల విద్యాశాఖ ఇదే పద్ధతిని బడులకు వర్తింపజేస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వడానికి రూపాయి ఖర్చు కాదు.

ఇక బహుమతుల సంగతి. అమెరికాలో డల్లాస్ నగర పాఠశాలల్లో రెండో తరగతి పిల్లలకు చదివిన ప్రతి పుస్తకానికి 2 డాలర్లు ఇచ్చి చూశారు. ఆర్థికవేత్త రోలాండ్ ఫ్రయర్ 2011లో ప్రచురించిన ఆ అధ్యయనంలో ఇంగ్లీషులో పరీక్ష రాసిన పిల్లల అవగాహన పెరిగింది. స్పానిష్‌లో పరీక్ష రాసిన పిల్లల ఫలితాలు మాత్రం తగ్గాయి. బహుమతి ఒక్కటే, పిల్లల పునాదులు వేరు. మన దగ్గర రవికమతం, గొలుగొండ, నాతవరం మండలాల్లో అయిదో షెడ్యూలుకు బయట ఉండిపోయిన ఆదివాసీ గ్రామాలున్నాయి. షెడ్యూలు ప్రాంతపు రక్షణలు వాటికి అందవు. అక్కడి పిల్లవాడూ, అనకాపల్లి పట్టణంలో వ్యాపారి కొడుకూ ఒకే పోటీలో నిలబడితే మనం కొలుస్తున్నది చదివే అలవాటును కాదు, పుస్తకానికీ పిల్లవాడికీ మధ్య ఉన్న దూరాన్ని. ఇంగ్లీషు మాధ్యమం దళిత బహుజనులకు కావాలన్న వాదనతో నాకు పేచీ లేదు. నా పిల్లలూ అందులోనే చదివారు. కానీ ఇంటి భాషలో ఒక్క కథా చదవని పిల్లవాడి చేతిలో ఇంగ్లీషు బొమ్మల పుస్తకం పెట్టి ఫొటో తీయడం వేరే సంగతి.

బీరువాలో ఏ పుస్తకాలున్నాయన్నది మరో ప్రశ్న. 1965లో నాన్సీ లారిక్ అనే అమెరికన్ విద్యావేత్త 1962-64 మధ్య వచ్చిన 5,206 బాలల పుస్తకాలను లెక్కపెట్టింది. నల్లజాతివారు కనీసం ఒక్కరైనా కనిపించినవి 349, అంటే 6.7 శాతం. తెలుగు బాలసాహిత్యానికి అటువంటి లెక్క ఎవరైనా విద్యార్థి చేస్తే బాగుండును. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008 ప్రాంతంలో అట్టడుగు కులాల, ముస్లిముల ఇళ్లలోని పిల్లల కథలను బొమ్మలతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో తెచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు అందులో రాశారు. కంచ ఐలయ్య పిల్లల కోసం కుమ్మరి, చాకలి, రైతు శ్రమల గురించి రాసిన పుస్తకమూ ఉంది. నేను వెళ్లిన బడి బీరువాలో ఇవేవీ లేవు. నీతికథలున్నాయి, మహాపురుషుల జీవిత చరిత్రలున్నాయి. అంబేడ్కర్ మీద ఒక పల్చటి పుస్తకం ఉంది, అదీ ప్లాస్టిక్ కవరులోనే.

అంబేడ్కర్ మెట్రిక్యులేషన్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధ చరిత్రను ఆయనకు బహుమతిగా ఇచ్చారు. ఆ తరవాత బరోడా మహారాజు సాయం దొరకడంలోనూ ఆయన పాత్ర ఉంది. అదే బరోడా సంస్థానం 1910 నుంచి అమెరికన్ నిపుణుడు బోర్డెన్ సలహాతో దేశంలోనే పేరెన్నికగన్న ఉచిత గ్రంథాలయ వ్యవస్థను నిర్మించింది. 1917లో ఉద్యోగానికి అక్కడికి వెళ్లిన అంబేడ్కర్‌కు మాత్రం ఉండటానికి గది దొరకలేదు. మన దగ్గరా 1914లో బెజవాడలో గ్రంథాలయోద్యమపు తొలి మహాసభ జరిగింది. మూడేళ్లకు అదే ఊళ్లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచములు తమను ఆదిఆంధ్రులుగా ప్రకటించుకోవలసి వచ్చింది. అయ్యంకి వెంకటరమణయ్య, పాతూరి నాగభూషణం వంటివారి కృషిని నేను తక్కువ చేయడం లేదు. 1935లో పడవ మీద పుస్తకాలు పంపిన ఉద్యమం అది. పడవ వెళ్లగలిగిన ఊరికీ, ఆ ఊరి చివర పేటకూ మధ్య ఉన్న దూరం గురించే నా మాట.

1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు పేటలోని ఇల్లూ కడుతోంది. 2013లో వచ్చి, 2023లో మరో పదేళ్లు పొడిగించిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం, నిధులు ఆ వర్గాలకు నేరుగా మేలు చేయాలంటోంది. వసతి గృహంలో ఒక గది, నాలుగు తెరిచిన అరలు, రాత్రి ఎనిమిదింటి దాకా ఒక దీపం, ఏడాదికి కొన్ని కొత్త పుస్తకాలు: ఈ చట్టానికి ఇంతకంటే నిక్కచ్చిగా సరిపోయే ఖర్చు ఏముంటుంది? బహుమతి ఇవ్వాలనుకుంటే ఎక్కువ చదివిన విద్యార్థితో పాటు, పేటకూ హాస్టలుకూ ఎక్కువ పుస్తకాలు పంపిన బడికీ ఇవ్వండి.

ఆ రోజు బయలుదేరే ముందు హాస్టలు అమ్మాయి ఒకతె దగ్గరికొచ్చి, "సర్, మీరు చెప్తే ఇస్తారా?" అని అడిగింది. రిజిస్టరులో ఆమె పేరు రాయించి, పూచీ అన్న చోట నేను సంతకం చేశాను. అంబేడ్కర్ పుస్తకానికి కవరు ఆమే చించింది. జూన్‌లో బడులు తెరిచేలోగా జిల్లా విద్యాశాఖాధికారి ఆ పూచీ గడిని రిజిస్టరులోంచి తీసేయించాలి.