జపాను పాత కారు – పరదేశపు చట్టం

ఒక వస్తువు సముద్రం దాటినంత సులభంగా దానికి అనుమతినిచ్చిన చట్టం సముద్రం దాటదు. జపానులో పరీక్షలన్నిటిలోను నెగ్గిన కారు సైతం ఆస్ట్రేలియా రేవులో దిగగానే మరల కొత్తగా పరీక్షకు నిలువవలసినదే. ఈ చిన్న సత్యం తెలియక మా పూర్వ విద్యార్థి ఒకడు రెండేళ్ల కష్టార్జితంలో అధిక భాగం పోగొట్టుకొన్నాడు. మెల్‌బోర్న్ నగరంలో చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఆ యువకుడు గత వేసవిలో మమ్ము కలిసి, తన అనుభవాన్ని తరువాతి వారికి తెలుపవలసినదిగా కోరినాడు. మన విద్యార్థులలో కొందరు ఆ దేశానికి వెళ్లుచున్నారు గనుక, అక్కడి నియమాలను చదివి ఇక్కడ వివరించుచున్నాము.

ముందుగా, జపాను పాత కార్లపై ఇంత మోజు ఎందుకన్నది విచారింతము. జపానులో సొంత కారుకు కొన్న మూడేళ్లకు, ఆపైన ప్రతి రెండేళ్లకు ‘షాకెన్’ అను తనిఖీ తప్పనిసరి. కారు పాతబడిన కొలది ఈ తనిఖీకి సిద్ధం చేయు ఖర్చు పెరుగును. 13 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లపై వార్షిక పన్ను కూడ అధికమగును. అందుచేత ఇంకను చక్కగా నడువగల కార్లను అక్కడివారు వేలానికి పెట్టుదురు. జపాను, ఆస్ట్రేలియా రెండును ఎడమవైపు నడిచే దేశాలే. స్టీరింగు మార్చవలసిన పని లేదు.

వీటిలో వేగానికి పేరొందినది నిస్సాన్ వారి స్కైలైన్ జి.టి.ఆర్. 1989లో వచ్చిన ఆర్-32 తరహాకు 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకును శక్తినందించు ఏర్పాటు కలవు. 1991, 1992 సంవత్సరాలలో జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్‌లు ఈ కారుతోనే ఆస్ట్రేలియాలోని బాథర్‌స్ట్ పందెమును గెలిచినారు. అక్కడి యువకులకు ఈ కారుపై గల మమకారానికి ఇది ఒక ముఖ్య కారణము.

కొనువాడు సాధారణంగా కారును కన్నులారా చూడలేడు. అతనికి ఆధారం వేలం పత్రము. అందులో కారు మొత్తానికి 3.5, 4, 4.5 వంటి శ్రేణి వేయబడును. ప్రమాదానికి గురై బాగుచేయబడిన కారుకు ‘ఆర్’ అను అక్షరం ఉండును. కారు బొమ్మపై గీతకు ‘ఏ’, సొట్టకు ‘యు’, తుప్పుకు ‘ఎస్’, మరమ్మతు జాడకు ‘డబ్ల్యు’ అను గుర్తులుండును. సరుకులోని లోపాన్ని దాచి అమ్మరాదన్నది మన మతము నేర్పిన వర్తక నీతి. వేలం పత్రము ఆ నీతిని కాగితముపై నిలుపు సాధనము. అయితే మధ్యవర్తి చేతిలో ఆ పత్రము మారిపోవచ్చును. కనుక అసలు పత్రాన్ని తెప్పించుకొని, ఓడోమీటరు అంకెను ఎగుమతి ధ్రువపత్రములోని అంకెతో సరిపోల్చవలెను.

ఇక అసలు విషయము. కారు మంచిదా, చెడ్డదా అన్నది చట్టం అడుగు మొదటి ప్రశ్న కాదు. ఈ తరహా కారు మా దేశపు భద్రతా, కాలుష్య ప్రమాణాలకు సరిపడునని ఎవరు నిరూపించినారు అన్నదే దాని మొదటి ప్రశ్న. తయారీదారుడు ఆ దేశంలో అధికారికంగా అమ్మిన కార్లకు ఆ నిరూపణ ఆయనే చేయును. వ్యక్తి తెచ్చుకొన్న పాత కారుకు ఆ భారము తెచ్చుకొన్నవానిపై పడును. 1989 నాటి పాత చట్టము స్థానంలో ఆస్ట్రేలియా 2018లో కొత్త రోడ్డు వాహనాల ప్రమాణాల చట్టము చేసి, 2021 జూలై 1 నుండి పూర్తిగా అమలుపరచుచున్నది.

ఆ చట్టంలో సామాన్యునికి ముఖ్యముగా రెండు ద్వారములు కలవు. తయారై 25 ఏళ్లు నిండిన కారుకు మొదటి ద్వారము. ఇది సులభమైనది. అంతకంటె కొత్త కారైనచో, ప్రత్యేక వాహనాల కొరకు ప్రభుత్వము నిర్వహించు పట్టికలో అది ఉండవలెను. బరువుతో పోల్చినప్పుడు ఇంజను శక్తి నిర్ణీత స్థాయికి మించుట, లేక అరుదైనదగుట వంటి కొలబద్దలతో ఆ పట్టికలో చేర్చుదురు. ఏ ద్వారమైనను, కారు ఓడ ఎక్కుటకు పూర్వమే దిగుమతి అనుమతి చేతికి రావలెను.

మా విద్యార్థి పొరబడినది ఇచ్చటనే. పట్టికలో కారు పేరు చూచినాడు. తాను కొన్నది అదే పేరు గల వేరొక రకమని గమనించలేదు. పట్టిక కేవలం పేరుతో సరిపెట్టదు. తయారీ సంకేతము, తయారైన కాలము కూడ సరిపోలవలెను. “అనుమతి తరువాత వచ్చును, ముందు సొమ్ము పంపుము” అన్న మధ్యవర్తి మాట నమ్మినాడు. కారు రేవులో నిలిచిపోయినది. దినదినము నిలువ రుసుము పెరిగినది. చివరకు దానిని తన ఖర్చుతోనే తిరుగు ఓడ ఎక్కించి, అయినకాడికి అమ్ముకొనవలసి వచ్చినది. ఆ కారు ఇంజనులో ఏ లోపము లేదని చెప్పునప్పుడు అతని గొంతు పూడిపోయినది.

అనుమతి లభించిన కారుకును ప్రయాణం అంతటితో ముగియదు. రేవులో జీవభద్రతాధికారులు మట్టి, విత్తనాలు, పురుగుల కొరకు వెదకుదురు. ఆస్‌బెస్టాస్ దిగుమతిని ఆ దేశము 2003 డిసెంబరు 31 నుండి నిషేధించినది. పాత కార్ల బ్రేకులలోను, గాస్కెట్లలోను అది ఉండవచ్చును గనుక ముందే పరీక్షించి తీసివేయించవలెను. దిగుమతి సుంకము వర్తించినచో అదియు, దానితోపాటు 10 శాతము వస్తు సేవా పన్నును చెల్లించవలెను. పట్టికలోని కారైనచో గుర్తింపు పొందిన వర్క్‌షాపువారు ఆమోదిత నివేదిక ప్రకారము మార్పులు చేయుదురు. పసిపిల్లల సీటు పట్టీకి కొక్కెములు, కొత్త టైర్లు, పొగను శుద్ధిచేయు పరికరము మొదలైనవి అట్టివి. తరువాత ఆ వర్క్‌షాపుతో సంబంధము లేని స్వతంత్ర పరిశీలకుడు చూచి సరియనవలెను. అప్పుడే కారు ఆమోదిత వాహనాల జాబితాకెక్కును. ఆపైన రాష్ట్రపు రిజిస్ట్రేషను, బీమా మిగిలియుండును. వేలంలో పాడిన ధరకు ఇవన్నియు కలిపి లెక్క వేయనివాడు సగము లెక్కే వేసినవాడు.

ఇతర దేశాల పద్ధతులు వేరు. అమెరికాలో 25 ఏళ్లు నిండిన కారుకు అక్కడి సమాఖ్య భద్రతా ప్రమాణాల నుండి మినహాయింపు కలదు. ఆ గడువు సమీపించిన కార్ల ధర జపాను వేలాలలో పెరిగిపోవుటకు ఇదియొక కారణము. మన దేశపు నియమము దాదాపు ఇందుకు వ్యతిరేకము. సాధారణంగా పాత కారు తయారై మూడేళ్లకు మించరాదు. ఒకే కారు ఒక దేశానికి మరీ కొత్తది, మరొక దేశానికి మరీ పాతది కావచ్చును.

ఈ నియమాలు కేవలం చిక్కులు పెట్టుటకు పుట్టినవి కావు. పిల్లల సీటు కొక్కెము ఒక తల్లి నిశ్చింత కొరకు, పొగ పరికరము బాటసారి ఊపిరి కొరకు ఏర్పడినవి. విదేశాలకు వెళ్లు మన విద్యార్థులు కారు విషయంలోనే గాక, వీసా విషయంలోను, ఉద్యోగ ఒప్పందముల విషయంలోను ఈ క్రమమునే పాటింతురు గాక: ముందు నియమము చదువుట, పిమ్మట అనుమతి పొందుట, అటుపిమ్మటనే సొమ్ము చెల్లించుట. తన నష్టాన్ని దాచుకొనక తమ్ముళ్ల మేలు కొరకు చెప్పిన ఆ పూర్వ విద్యార్థికి మా కృతజ్ఞతలు.