ఇంటికి ముందు మెరక

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతంలో పేదవాని ఇంటి ఖర్చు మట్టితో మొదలవుతుంది. ఇటుక సంగతి తరువాత. ఇది పల్లపు సీమ. వరిచేను, చేపల చెరువు, కాలువ, మురుగుకోడు, వీటి నడుమ కాస్త ఎత్తైన నేల ఎక్కడ ఉంటే అక్కడ ఊరు వెలసింది. ఆ ఎత్తు నేలను ఇక్కడివారు మెరక అంటారు. ఉన్న మెరక పూర్వమే నిండిపోయింది. తరువాత పుట్టినవారికి, పెళ్ళయి వేరుపడినవారికి మిగిలినవి కాలువగట్లు, రోడ్డు మార్జిన్లు. గోదావరి కాలువ ఏలూరు చేరే దారిలో గట్టు మీది గుడిసెలను చూసి ఆక్రమణ అనేవారు ఒక్క సంగతి గమనించాలి: వరద వచ్చిన రాత్రి ఆ చుట్టుపక్కల నీటికి అందని నేల చాలాచోట్ల ఆ గట్టు ఒక్కటే.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరంతా ఇందులో చేరి, ఒక్క ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. ఆ దారి ఇరుకు. అందుచేతనే 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు తరువాత మండవల్లి, కైకలూరు మండలాల లంక గ్రామాలను చుట్టుముట్టింది. పత్రికలకు విజయవాడ కనిపించినంతగా పెదఎడ్లగాడి కనిపించలేదు.

1999లో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో లోపలి చేపల చెరువుల గట్లను కూల్చివేశారు. సరస్సును కాపాడవలసిందే, ఆ విషయంలో మాకు రెండో మాట లేదు. అయితే లంకలో పుట్టి పెరిగిన బిడ్డకు ఇంటి జాగా ఎక్కడ చూపాలన్న ప్రశ్నకు ఆ ఉత్తర్వులలో జవాబు లేదు. అభయారణ్యానికి వెలుపల పోదామంటే అక్కడి పల్లం చేపల చెరువుల కౌలుకు పోతుంది. కూలి కుటుంబం ఆ ధరతో పోటీపడలేదు.

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇంటి పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో 3, పట్నంలో 2 సెంట్లు ఇస్తామన్నది. సెంట్ల సంఖ్య మీద జరిగిన వాదంలో పదో వంతైనా ఆ సెంట్ల ఎత్తు మీద జరిగి ఉంటే బాగుండేది.

లెక్క వేసి చూద్దాం. సెంటున్నర అంటే 653 చదరపు అడుగులు. దానిని 3 అడుగులు మెరక చేయడానికి 1960 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరు ట్రక్కుకు 100 ఘనపుటడుగులు అనుకుంటే ఇరవై ట్రక్కులు. తోలిన మట్టి వానకు కుంగుతుంది కనుక మరి నాలుగైదు. ఆ పట్టాల మీద ఇంటికి మంజూరు చేసిన మొత్తం 1.80 లక్షల రూపాయలు. మెట్టలో ఎర్రనేల మీద కట్టేవారికీ అంతే, కొల్లేటి అంచున నల్లరేగడి మీద కట్టేవారికీ అంతే. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. పునాది చాలినంత లోతుకు పోకపోతే గోడ చీలుతుంది. ప్రభుత్వమే లేఅవుటుకు మట్టి తోలించిన చోట్లున్నవి. తోలించని చోట పట్టా ఒక కాగితంగా పెట్టెలోనే ఉండిపోతుంది, కుటుంబం అద్దె ఇంట్లోనే ఉండిపోతుంది.

బంగ్లాదేశ్‌లో జమున నది చర్ దీవులలో ఈ వరుసనే తిరగవేశారు. 2004 తరువాత అక్కడ నడిచిన ఒక కార్యక్రమంలో పేద కుటుంబం నివసించే దిబ్బను మొదట వరద మట్టానికి పైగా ఎత్తు చేసి ఇచ్చారు. చాలాచోట్ల నాలుగైదు కుటుంబాలు ఒకే దిబ్బను పంచుకొన్నాయి. ఆ దిబ్బ మీదనే ఇల్లు, పశువు, కూరపాదు. కొల్లేటి లంక కూడా అటువంటి దిబ్బయే; పూర్వులు చేసిన ఆ పనిని మనం పథకాల అంచనాలలో చేర్చడం మరచిపోయాము.

ఇక ఏలూరు పట్టణం. 2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగినప్పుడు ఇక్కడి పేటలలోనికి నీరు వచ్చింది. పల్లపు పేటలో అద్దె తక్కువ. కనుక పేదలు అక్కడ చేరతారు. పోణంగి వద్ద, తాడేపల్లిగూడెంలో కట్టిన టిడ్కో ఇళ్ళు మూడు కొలతలవి: 300, 365, 430 చదరపు అడుగులు. 300 అడుగుల ఇంటికి గత ప్రభుత్వ కాలంలో లబ్ధిదారుల అప్పు భారం తీసివేశారు. అందులో ఒక్కటే పడకగది. వయసు వచ్చిన పిల్లల పడకలు వేరు చేయమని, ఏకాంత సమయాలలో పిల్లలైనా అనుమతి అడిగి లోనికి రావాలని మన ధర్మం బోధిస్తుంది. ఒక్క గదిలో అత్తమామలు, కోడలు, ఎదిగిన ఆడపిల్లలు ఉన్న ఇంట్లో ఆ బోధను ఏ తలుపు దగ్గర నిలబడి ఆచరించాలి? రెండు గదులు కావాలంటే 430 అడుగుల ఇల్లు తీసుకోవాలి. దానికి బ్యాంకు అప్పు, వడ్డీ తప్పవు. సొంత స్థలంలో కట్టుకొనేవారికి సంఘాల ద్వారా ఇప్పించిన 35 వేల రూపాయలు కూడా పావలా వడ్డీ అప్పే. పావలా అయినా వడ్డీ వడ్డీయే అని మసీదులో చెప్పి ఊరుకొనడం సులభం. వడ్డీ లేని అప్పు ఇవ్వగలిగిన చేతులు మన పేటలలో ఉండి, ఆ చేతులు ముడుచుకొని ఉంటే ఆ ఉపదేశం పేదవానికి బరువే.

ఇల్లు నిద్రకు మాత్రమే కాదన్న సంగతికి ఏలూరు తివాచీలే సాక్ష్యం. పర్షియా నుండి వచ్చినవారి వెంట వచ్చిన విద్యగా చెప్పుకొనే ఈ నేత తంగెళ్ళమూడి పరిసరాల ముస్లిం ఇళ్ళలో తరతరాలుగా సాగింది. తివాచీ మగ్గం గోడ వెడల్పున నిలబడుతుంది. పట్నంలో ఇచ్చిన సెంటు జాగా 435 చదరపు అడుగులు. అందులో మెట్లు, మరుగుదొడ్డి పోగా మగ్గం ఎక్కడ పెడతారు? ఆ విద్య క్షీణించడానికి వేరే కారణాలు అనేకం ఉన్నవి, అది వేరే వ్యాసం.

జకాత్ విషయంలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పాలి. పేదవాని ఇంటికి జకాత్ ఇవ్వవచ్చునా? ఇవ్వవచ్చు. నివాసముండే ఇల్లు నిసాబ్ లెక్కలోకి రాదు కనుక, సొంత గుడిసె ఉన్నంత మాత్రాన ఆయన అర్హత పోదు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సొమ్ము గాని సామగ్రి గాని పేదవాని సొంతం కావాలి. ఆయన దానితో మట్టి తోలించుకొన్నా, పునాది తీయించుకొన్నా ఆయన ఇష్టం. పేటకంతటికీ కలిపి రోడ్డు మెరక చేయించడానికి మాత్రం జకాత్ చెల్లదు, దానికి సదఖా సొమ్ము వాడాలి. తిరిగి కట్టగల స్తోమత ఉన్నవారికి ఖర్జె హసన్ మేలు. ఇరవై ట్రక్కుల మట్టి ఒక కుటుంబానికి కొండ. జమాతులో పదిమంది తలా రెండు ట్రక్కులు అనుకుంటే కాదు.

పట్టాలు స్త్రీల పేరున ఇచ్చారు. షరీఅత్‌లో భార్య ఆస్తి భార్యదే. దానిని అమ్మమని, కుదువ పెట్టమని ఒత్తిడి చేసే హక్కు భర్తకు లేదు. ఇంకొక మాట, వినడానికి కొందరికి కష్టంగా ఉండవచ్చు. మన పాత పేటలలో తండ్రి కట్టిన పెంకుటింటిని అన్నదమ్ములు గోడలు పెట్టి పంచుకొంటారు. చెల్లెలికి వాటా లేదు. ఆమె అదే పట్నంలో అద్దెకుండి, ఇంటి స్థలం కోసం సచివాలయంలో దరఖాస్తు పెట్టుకొంటుంది. ఆమె ఇల్లు లేనిదని ప్రభుత్వ జాబితాలో ఉంటుంది. దివ్య ఖుర్‌ఆన్ నిర్ణయించిన వాటాల ప్రకారం చూస్తే ఆమెకు ఇల్లున్నది, అందులో ఆమె అన్నలున్నారు.

దరఖాస్తు పెట్టేవారు కుల ధ్రువీకరణ కూడా సిద్ధం చేసుకోవాలి. అసంపూర్తిగా ఆగిన ఇళ్ళకు 2025లో బీసీ, ఎస్సీ కుటుంబాలకు 50 వేల రూపాయలు అదనంగా ప్రకటించారు. దూదేకుల సోదరులు బీసీ-బి లోను, పేద ముస్లిం వర్గాలు అనేకం బీసీ-ఇ లోను ఉన్నవి. గ్రామ సభలో గాని సచివాలయంలో గాని మాట్లాడే అవకాశం వస్తే సెంట్లు ఎన్ని అని అడిగిన తరువాత, రోడ్డుకు ఆ జాగా ఎన్ని అడుగుల పల్లంలో ఉందో, మట్టి ఎవరు తోలిస్తారో కూడా అడగాలి. ఆ జవాబు కాగితం మీద తీసుకోవాలి.

మన వైపు చాలామంది జకాత్ రమజాన్‌లో తీస్తారు. ఈ కొన్నేళ్ళు రమజాన్ చలికాలపు చివరి రోజులలో వస్తున్నది, మట్టి తోలే కాలం దాని వెంటనే. వేసవిలో చెరువులు ఎండగట్టినప్పుడు మట్టి దొరుకుతుంది. మృగశిర దాటిన తరువాత పల్లపు లేఅవుటులోనికి ట్రాక్టరు దిగదు.