అద్దెయిల్లు బిడ్డలకు వ్రాసియిచ్చుట - పన్నుల సంగతి

మేము పత్తిచేలు చూచుటకై ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గ్రామములకు పోయినపుడు రైతులు చీడపురుగులను గూర్చి యెంత యడుగుదురో, పట్టణములోని యిండ్లను గూర్చియు నంత యడుగుచున్నారు. తండ్రి విడిచిపోయిన గిడ్డంగియో, బజారులోని యంగడియో అద్దెకిచ్చియుందురు. దానిని ఎదిగిన బిడ్డల కిప్పుడే వ్రాసియిచ్చినచో పన్ను బాధ తప్పునా యని వారి ప్రశ్న.

మొదట నొక పొరపాటు తీర్చవలసియున్నది. సాగుభూమి రాబడికి ఆదాయపు పన్ను లేదు గాని, పట్టణపు అంగడి అద్దె రైతు చేతికి వచ్చినంతమాత్రమున వ్యవసాయాదాయము కాదు. నెలకు 10,000 రూపాయల అద్దె యనుకొందము. ఏటికి 1,20,000. అందు మునిసిపల్ పన్ను 6,000 చెల్లింపగా మిగులునది 1,14,000. దీనిలో నూటికి 30 వంతున 34,200 మినహాయింతురు. తక్కిన 79,800 రూపాయలే లెక్కకు వచ్చును.

ఇక దానపు మాట. మృతుని యాస్తిపై వేయు ఎస్టేటు సుంకము 1985లోను, దానపు పన్ను 1998లోను రద్దయినవి. తల్లిదండ్రులిచ్చిన యిల్లు బిడ్డలకు ఆదాయముగా నెంచబడదు. ఇచ్చినవారికిని మూలధన లాభపు పన్ను లేదు. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు మాత్రము తప్పవు. దానపత్రము రిజిస్టరు కావలయును, ఇద్దరు సాక్షులుండవలయును, దాత జీవించియుండగనే బిడ్డ దానిని స్వీకరింపవలయును.

పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డకు హక్కు పోయిన పిదప అద్దెపై పన్ను ఆ బిడ్డదే. మైనరుకిచ్చినచో తల్లిదండ్రుల లెక్కలోనే చేరును. కోడలి పేర వ్రాసినచో అద్దె మామగారి లెక్కకే వచ్చునని చాలమంది యెరుగరు. ఇల్లు తన పేర నుంచుకొని అద్దె మాత్రము కొడుకు తీసికొనునట్లు చేయుట మన ప్రాంతమున వాడుక. అట్టియెడ పన్ను తండ్రిదే.

బిడ్డ తరువాత అమ్మినచో, ఆస్తిని వెనుక కొన్న పెద్దల ఖరీదునుబట్టి లాభము లెక్కింతురు. 2001 ఏప్రిల్ 1కి పూర్వము కొన్నదైనచో ఆనాటి విలువను, ఆనాటి స్టాంపు విలువకు మించకుండ, తీసికొనవచ్చును. కావున పాత కాగితములు పారవేయకుడు. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోనిది. తాతల దస్తావేజులపై బళ్లారి పేరు చూచి కంగారుపడ నక్కరలేదు.

ఆస్తి యెవరిదను విషయమును ముందుగ తేల్చుకొనుడు. అవిభక్త కుటుంబపు ఉమ్మడి యాస్తి యైనచో తండ్రి యొక్కడే తన యిష్టమువచ్చినట్లు దానమీయజాలడు. 2005 సవరణ ననుసరించి కూతుండ్రకును కొడుకులతో సమానమైన హక్కు గలదు.

పన్నుకంటె మాకు దిగులు గలిగించునది వేరొకటి. మేమెరిగిన యొక వృద్ధుడు అంగడి కొడుకునకు వ్రాసియిచ్చి, మరుసటి యేడు ఆ యద్దెలోనుండి మందుల ఖర్చు అడుగుకొనవలసి వచ్చెను. అరువది యేండ్లు నిండిన దాతకు 2007 నాటి చట్టము దారి చూపుచున్నది. పోషింపవలెనను షరతుతో నిచ్చి, అది జరుగనిచో, ట్రిబ్యునలు ఆ బదిలీని రద్దుచేయవచ్చును. షరతు పత్రములో నుండుట మేలు. దస్తావేజు లేఖకుడు ఆ పంక్తిని తనంతట వ్రాయడు. అడిగి వ్రాయించుకొని, చదివించుకొని, అటుపిమ్మట వ్రాలు చేయుడు.