ఊపిరి పోతుంది గానీ ఎందుకు రాదు?

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి మా నాయనమ్మ గోడకి ఆనుకుని రొప్పుతూ ఉంది. చుట్ట ముట్టని మనిషి. కానీ 40 ఏళ్ళు కట్టెల పొయ్యి దగ్గరే కూర్చుంది. నేను సైన్సు చదువుతున్నానన్న ధీమాతో "నాయనమ్మా, గట్టిగా పీల్చు, గట్టిగా వదులు" అన్నాను. పాపం, అలాగే చేసింది. ఆయాసం ఇంకా ఎక్కువైపోయి మాట కూడా రాలేదు. నాకు భయం వేసింది. తేరుకున్నాక "పీలిస్తే పోతందిరా, బయటికే రానంటంది" అంది.

ఆసుపత్రిలో డాక్టరు గారు ఇది సి.ఓ.పి.డి. అనే జబ్బు అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దీనివల్ల సుమారు 35 లక్షల మంది చనిపోయారు. బీడీ, చుట్ట తాగేవాళ్ళకే కాదు, పొయ్యి పొగ పీల్చేవాళ్ళకీ వస్తుంది.

మన ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు చెట్టు కొమ్మల్లాగా 20 సార్లకు పైగా చీలుతాయి. పెద్ద గొట్టాలకు మృదులాస్థి ఉంటుంది కాబట్టి నొక్కుకుపోవు. చివర సన్న గొట్టాలకు అది లేదు. వాటి చుట్టూ ఉన్న వాయుగోణుల గోడల్లో రబ్బరులాంటి పోగులుంటాయి. గుడారాన్ని తాళ్ళతో నాలుగువైపులా లాగి కట్టినట్టు ఆ పోగులే గొట్టాన్ని తెరిచి ఉంచుతాయి. ఏళ్ళ తరబడి పొగ పీలిస్తే ఆ గోడలు పాడైపోతాయి. పాడైనవి మళ్ళీ బాగుపడవు.

గాలి పీల్చేటప్పుడు ఛాతీ పెద్దదవుతుంది, గొట్టాలు కూడా తెరుచుకుంటాయి. అందుకే నాయనమ్మకి గాలి లోపలికి పోయేది. గట్టిగా వదిలితే ఛాతీ కండరాలు ఊపిరితిత్తుల్ని బయటినుంచి నొక్కుతాయి. ఆ నొక్కుడు వాయుగోణుల మీదే కాదు, మెత్తటి గొట్టాల మీద కూడా పడుతుంది. పట్టి ఉంచే పోగులు లేవు కదా, గొట్టం మూసుకుపోతుంది. సైకిల్ వాల్ ట్యూబు గుర్తుందా? పంపు కొడితే గాలి లోపలికి పోతుంది, తిరిగి రాబోతే రబ్బరు నొక్కుకుని దారి మూసేస్తుంది. సైకిలుకి కావలసింది అదే. మనిషి ఛాతీలో అలా జరిగితే పాత గాలి లోపలే ఉండిపోయి కొత్త గాలికి చోటు ఉండదు. అంటే నేను చెప్పిన సలహా పూర్తిగా తలకిందులు!

అక్కడి సిస్టరమ్మ వేరేగా నేర్పింది. ముక్కుతో మెల్లగా రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి. తర్వాత ఈల వేసేటప్పటిలా పెదాలు ముడిచి, నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పెదాల దగ్గర దారి ఇరుకవుతుంది కాబట్టి లోపల గొట్టాల్లో కొంచెం ఒత్తిడి నిలుస్తుంది. అదే వాటిని మూసుకోకుండా ఆపుతుంది. దీంతో జబ్బు పోదు. మందు పీల్చాల్సిందే, పొగకి దూరంగా ఉండాల్సిందే. ఆయాసం మాత్రం తగ్గుతుంది.

"పొయ్యి ఊదినట్టా?" అని అడిగింది నాయనమ్మ. సిస్టరమ్మ నవ్వి, "అంత గట్టిగా వద్దమ్మా. ఎదురుగా దీపం ఉందనుకో. మంట ఊగాలి, ఆరిపోకూడదు" అంది.

– 9వ తరగతి విద్యార్థి