కోర్టు ఎల్లలు – సమనుల జారీ

రైతు తన పొలముగట్టు నెఱుఁగును. తన గ్రామ మే కోర్టు ఎల్లలో నున్నదో పెక్కుర రెఱుఁగరు. దీనివలనఁ గలుగు నష్టము కొంచెము కాదు.

సివిలు కోర్టుల ఎల్లలను ప్రభుత్వము ప్రకటన మూలమున నిర్ణయించును. అవి రెవెన్యూ ఎల్లలతో సరిపోవలెనను నియమము లేదు. తెలంగాణమున రెవెన్యూ జిల్లాలు 2016లో 10 నుండి 31కిని, 2019లో 33కిని పెరిగినవి. తదనుగుణముగ 33 న్యాయజిల్లాలు 2022లోఁ గాని యేర్పడలేదు. ఆ నడుమ కలెక్టరు కచేరి యొకచోటను, జిల్లా కోర్టు వేఱొకచోటను గల గ్రామములు పెక్కు.

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము, భూమిని గూర్చిన దావా ఆ భూమి యే కోర్టు ఎల్లలో నున్నదో యచ్చటనే వేయవలెను. భూమి రెండు కోర్టుల ఎల్లలలోఁ బడినచో నేదేని యొకదానిలో వేయవచ్చును. ప్రతివాది వేఱొక కోర్టు ఎల్లలో నివసించుచున్నచో, సమను ఆ కోర్టునకుఁ బంపఁబడి యచ్చటి బంట్రోతుచే జారీ కావచ్చును.

ప్రతివాది యింట లేక, తగిన కాలములో వచ్చు సూచనయు లేక, అతనితోఁ గాపురముండు వయసువచ్చిన కుటుంబస్థులును లేనిచో, బంట్రోతు సమను ప్రతిని వీధితలుపున కంటించి, ఇల్లు చూపినవారి పేరు వ్రాసికొని పోవును. శివారుపల్లెలో నొకే పేరుగలవా రిరువురుండి, సమను పొరుగువాని తలుపున కంటింపఁబడినచో, అసలు ప్రతివాదికిఁ దెలియకయే ఎక్సుపార్టీ డిక్రీ యగును.

అట్టి డిక్రీ రద్దునకు డిక్రీ తేదీ మొదలు 30 దినములలోను, సమను సరిగా జారీ కానిచో సంగతి తెలిసిననాఁటి నుండి 30 దినములలోను దరఖాస్తు చేయవలెను.

కావున సభ్యులారా! దస్తావేజులలో మీ గ్రామము, శివారు, ఇంటి నంబరు స్పష్టముగ వ్రాయించుకొనుఁడు. బంట్రోతున కిల్లు చూపువారు నిజమైన యిల్లే చూపవలెను. వచ్చిన సమనును త్రోసివేయకుఁడు; పుచ్చుకొననంత మాత్రమున దావా యాగదు.