కొండలూ ఎండా ఉన్న ఐరన్‌మ్యాన్: తిరుపతి వాళ్లకి అది హోమ్ గ్రౌండేనా?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. పుత్తూరు నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పంపించాడు. "అన్నా, రెండేళ్లుగా డబ్బు దాచుకుంటా ఉండాను. ఫుల్ ఐరన్‌మ్యాన్ ఒకటి బయటి దేశంలో చేయాల. కోపెన్‌హాగెన్ పో, రోడ్డు చదునుగా ఉంటుంది, ఎండ ఉండదు అని అందరూ చెప్తా ఉండారు. నాకేమో మలేషియాలో లంకావి మీద మనసు. ఆడ కొండలు, ఎండ, ఉక్క. నేనేమన్నా పిచ్చోణ్నా?"

పిచ్చోడివి కాదు తమ్ముడూ. నన్నడిగితే నీకు సలహా ఇచ్చేవాళ్లే ఒక విషయం మర్చిపోతున్నారు. రేసు ఈజీనా కష్టమా అన్నది ఆ ఊరిని చూసి చెప్పేది కాదు. నువ్వు రోజూ ఎక్కడ ప్రాక్టీస్ చేస్తున్నావో చూసి చెప్పాలి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం దూరాలు చెప్పేస్తాను. ఫుల్ ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒకే రోజు, మామూలుగా 17 గంటల్లోపు అయిపోవాలి. అందులో సగం దూరాన్ని 70.3 అంటారు, అది మైళ్ల లెక్క. మొదటి ఐరన్‌మ్యాన్ 1978లో హవాయిలో జరిగింది. బయలుదేరింది 15 మంది, పూర్తి చేసింది 12 మంది. అంటే ఈ ఆట పుట్టిందే ఎండ కాచే దీవిలో. చల్లటి ఊళ్లకి తర్వాత వెళ్లింది.

ఇప్పుడు మన సంగతి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకి వార్తే కాదు. కొండలంటారా, చంద్రగిరి దాటి రంగంపేట మీదుగా పీలేరు వైపు పోతే భాకరాపేట ఘాట్ ఉంది. చిత్తూరు నుంచి పలమనేరు పోతే మొగిలి ఘాట్ ఉంది. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1265 మీటర్లు. యూరప్‌లో సైక్లిస్టులు సెలవు పెట్టి, డబ్బు పోసి వెతుక్కునే రోడ్లు మనకి గడప దాటితే ఉన్నాయి. ఒక్క మాట మాత్రం సీరియస్‌గా వినండి. భాకరాపేట, మొగిలి రెండు ఘాట్లలోనూ ఘోరమైన బస్సు ప్రమాదాలు జరిగాయి. తెల్లారి వెలుగొచ్చాకే ఎక్కండి. దిగేటప్పుడు టైమింగ్ చూసుకోవద్దు. ఒంటరిగా అసలు వద్దు.

తిరుమల మెట్ల మీద ట్రెయినింగ్ చేయొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. అలిపిరి నుంచి 3550 మెట్లు, కాళ్లకి అంతకన్నా మంచి వ్యాయామం లేదు. నడవండి, గోవిందా అనుకుంటా ఎక్కండి. కానీ మొక్కు తీర్చుకోను పసిబిడ్డల్ని ఎత్తుకుని ఎక్కేవాళ్ల మధ్య వాచ్ చూసుకుంటా పరిగెత్తడం నాకు నచ్చదు. ఇది నా అభిప్రాయం.

సరే, కొండ, ఎండ రెండూ కలిస్తే ఒంట్లో ఏం జరుగుతుంది? ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను, భయపడొద్దు. స్పెయిన్ వాళ్ల లాంజరోటే దీవిలో 1992 నుంచి ఒక ఐరన్‌మ్యాన్ జరుగుతోంది. దాని సైకిల్ రూట్‌లో మొత్తం ఎక్కాల్సిన ఎత్తు సుమారు 2500 మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకి ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు అనుకుంటే, కొండ మూడున్నర సార్లు ఎక్కినట్టు. మనిషీ సైకిలూ కలిపి 80 కేజీలైతే, కేవలం ఆ ఎత్తు ఎక్కడానికే ఒళ్లు దాదాపు 2000 క్యాలరీలు ఖర్చు చేస్తుంది. అందులో నాలుగో వంతు కూడా పెడల్‌కి చేరదు. మిగతాదంతా వేడిగా మారి ఒంట్లోనే ఉంటుంది.

ఆ వేడి బయటికి పోవాలంటే చెమట ఆరాలి. చెమట ఆరాలంటే గాలి తగలాలి. చదును రోడ్డు మీద 30 స్పీడ్‌లో పోతుంటే గాలి దానంతటదే తగులుతుంది. ఘాట్‌లో 9, 10 స్పీడ్‌లో ఎక్కుతుంటే గాలేదీ? ఒళ్లు అన్నిటికంటే ఎక్కువ వేడి పుట్టించే టైమ్‌లోనే గాలి తక్కువ తగులుతుంది. అందుకే కొండ మీద ఎండ రెండింతలు కొడుతుంది. కాబట్టి కొండ మొదలవక ముందే తాగాలి, తల తడుపుకోవాలి. ఎక్కేటప్పుడు పక్కవాడు దాటిపోతే పోనీయాలి. గేర్లు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. వెనక క్యాసెట్‌లో 32 పళ్లో 34 పళ్లో పెట్టించుకోండి, నామోషీ ఏం లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. రెండేళ్ల కింద మే నెలలో, పది గంటలకి బయలుదేరి, రెండే బాటిళ్లతో భాకరాపేట ఘాట్ ఎక్కాను. అహంకారం. సగంలో తల దిమ్మెక్కింది. ఆ ఎండలో చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, చలేసింది. బాటిల్ మూత ఎట్ల తీయాలో తెలియలేదు, ఒట్టు. ఒక లారీ డ్రైవరన్న ఆపి, నీడకి లాగి, క్యాన్‌లో నీళ్లు మొత్తం నెత్తిన పోశాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటాం కదా. కష్టపడేటప్పుడు తగిలే వడదెబ్బకి ఆ రూల్ లేదు. చెమట కారుతూనే ఉంటుంది, లోపల టెంపరేచర్ 40 దాటిపోయి ఉంటుంది. మాట తడబడినా, పిచ్చిగా ప్రవర్తించినా రేసు అక్కడితో ఆపేయాలి. ముందు చన్నీళ్లతో ఒళ్లంతా చల్లబరచాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ప్రాణం మీదికి వచ్చేది ఇదే.

ఇంకోటి, అన్ని ఎండలూ ఒకటి కాదు. మన మే నెల ఎండ పొడి ఎండ, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. లంకావి, గోవా సముద్రం పక్కన ఉంటాయి, గాల్లో తేమ ఎక్కువ. చెమట కారి నేల మీద పడుతుందే కానీ ఆరదు. కాబట్టి "నేను తిరప్తోణ్ని, నాకేంది" అని పోతే దెబ్బతింటావు. లంకావి రేసు నవంబర్‌లో జరుగుతూ వస్తోంది. దానికి సెప్టెంబర్, అక్టోబర్ మనకి భలే కలిసొస్తాయి. వాన వెలిశాక మధ్యాహ్నం ఉక్కపోస్తుంది చూడండి, ఫ్యాన్ కింద కూడా బనియన్ తడిసిపోతుంది, ఆ వాతావరణం కావాలి. ఒళ్లు వేడికి అలవాటు పడ్డానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రోజూ గంటా గంటన్నర మెల్లగా చేస్తే చాలు. ఏసీ రూమ్‌లో ట్రెడ్‌మిల్ మీద మాత్రం ఇది రాదు.

ఎంత తాగాలో తెలుసుకోను ఒక సులువైన పద్ధతి ఉంది. గంట ప్రాక్టీస్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కేజీ తగ్గి, మధ్యలో అర లీటర్ తాగి ఉంటే, గంటకి లీటరున్నర చెమట పోయినట్టు. అంతా తిరిగి తాగేయాలని కాదు. ఉత్త నీళ్లు కడుపు నిండా తాగితే రక్తంలో సోడియం పడిపోయి అది ఇంకో ప్రమాదం. మనకి ఉప్పేసిన మజ్జిగ అలవాటే, ట్రెయినింగ్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రేసులో అది దొరకదు కాబట్టి, అక్కడ ఇచ్చే డ్రింక్ ఏదో ముందే కనుక్కుని ఇంట్లో అలవాటు చేసుకోండి. రాగి సంగటి రేసు ముందు రోజు మధ్యాహ్నం వరకే. తర్వాత నా పూచీ లేదు.

ఇప్పుడు తమ్ముడు అడగని విషయం, అసలు అడగాల్సిన విషయం. ఈత. మనలో చాలామంది పొలం బావిలో, నడుముకి ఎండు సొరకాయ కట్టుకుని నేర్చుకున్నవాళ్లమే. బావిలో భయం పోతుంది, దూరం రాదు. 3.8 కిలోమీటర్లంటే 25 మీటర్ల పూల్‌లో 152 సార్లు. మామూలుగా ఈతకి ఇచ్చే టైమ్ 2 గంటల 20 నిమిషాలు, అంటే 100 మీటర్లకి 3 నిమిషాల 40 సెకన్లు. వినడానికి చాలా ఎక్కువ టైమ్‌లా ఉంటుంది, అలలో అట్లుండదు. లంకావిలో నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి వెట్‌సూట్ వేసుకోనివ్వరు. 24.5 డిగ్రీలు దాటితే అదే రూల్. చల్లటి నీళ్ల రేసుల్లో వెట్‌సూట్ ఒంటిని తేల్చి సాయం చేస్తుంది, ఇక్కడ ఆ సాయం లేదు. ఈతకి రెండు గంటలు, బట్టలు మార్చుకోను పది నిమిషాలు పోతే, సైకిల్ కటాఫ్ పదిన్నర గంటల లెక్కన నీ చేతిలో మిగిలేది 8 గంటల 20 నిమిషాలు. కొండల్లో సగటు 21.6 స్పీడ్ పట్టాలి. కటాఫ్‌లు రేసుని బట్టి మారతాయి, మీ రేసు గైడ్‌లో చూసుకోండి.

కాబట్టి తమ్ముడూ, నా ప్లాన్ ఇది. డబ్బు ఇప్పుడే లంకావికి కట్టొద్దు. ముందు గోవా 70.3 చెయ్. 2019లో మొదలైంది, సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, కావాల్సినంత ఉక్క. సైకిల్ విమానం ఎక్కించాల్సిన పని కూడా లేదు, రైల్లోనో కార్లోనో పోవచ్చు. కొండలు నీకు ఇంటి దగ్గరే ఉన్నాయి. గోవాలో ఈత గంట దాటకుండా వచ్చేస్తే, తర్వాతి ఏడాది లంకావికి పేరు ఇచ్చెయ్. ఆ రేసు 2000లో మొదలై, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2014లో మళ్లీ వచ్చింది. కాబట్టి హోటల్ బుక్ చేసే ముందు ఆ ఏడాది తేదీ అఫీషియల్‌గా ప్రకటించారో లేదో చూసుకో. ఆడ రోడ్డు మీద కోతులుంటాయి. అరటిపండు చేతిలో పట్టుకుని తొక్కకూడదని మనకి ఎవరూ నేర్పించాల్సిన పనిలేదు.

వచ్చే ఎపిసోడ్ ఈత మీదే. పూల్ దూరంగా ఉన్నవాళ్లు వారానికి రెండు రోజుల్లో ఎట్ల నెట్టుకురావాలో చూద్దాం. ఉంటాను.