ప్రజా మరుగుదొడ్ల వద్ద పసిపిల్లల రక్షణ

మన దేశంలో ప్రయాణమంటే తరచు కుటుంబమంతా కదలడమే. తిరుపతికి గాని, కాశీకి గాని, దూరపు ఊళ్లో బంధువుల పెళ్లికి గాని బయలుదేరేటప్పుడు పెద్దలు టికెట్లు, పెట్టెలు, మంచినీళ్లు, పిల్లల తినుబండారాలు అన్నీ ముందుగానే ఆలోచించుకొంటారు. కాని తెలియని ఊరి బస్ స్టేషనులో ఆరేళ్ల పిల్లవాడు చిటికెన వేలు చూపినప్పుడు ఏమి చేయాలన్నది మాత్రం అప్పటికప్పుడే తోచాలి. చేతిలో సామాను, చంకలో మరో బిడ్డ, బస్సు కదిలే వేళ. "అదిగో, అక్కడుంది, వెళ్లి రా" అని చేయి చూపడంతో చాలాసార్లు సరిపెట్టుకొంటారు. అలా వెళ్లి రావడానికి పట్టే అయిదు నిమిషాలను గురించి కొంత వివరంగా ఆలోచించవలసి ఉన్నది.

ప్రజా మరుగుదొడ్డి అందరిదీ. అందుచేతనే అది ఎవరిదీ కాకుండా పోయే అవకాశమున్నది. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్, 1974లో పాట్నాలో రుసుము చెల్లించి వాడుకొనే మరుగుదొడ్డిని నెలకొల్పారు. ఆ పద్ధతి క్రమంగా దేశమంతటా వ్యాపించింది. దాని శుభ్రతను గురించే లోకం ఎక్కువగా చెప్పుకొన్నది. పిల్లల వైపు నుంచి చూస్తే అంతకంటె విలువైనది మరొకటి ఉన్నది: ద్వారం వద్ద ఎప్పుడూ ఒక మనిషి కూర్చుని ఉండటం. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ ప్రారంభమైన తరువాత మరుగుదొడ్ల సంఖ్య బాగా పెరిగింది. అయితే గోడలు లేచినంత వేగంగా కాపలా ఏర్పడదు. దీపం లేని, గడియ ఊడిన, మనిషి కనిపించని చోటు దగ్గరలో ఉన్నా, మరి నాలుగడుగులు నడిచి కాపలాదారు ఉన్న చోటికి బిడ్డను తీసుకొని వెళ్లడమే మేలు.

మనుషుల వలన కలిగే ప్రమాదానికంటె ముందు స్థలం వలన కలిగేది చూడాలి. తడి నేల జారుతుంది. పెద్దల కొలతకు కట్టిన పాదపీఠాల మీద పసివాని పాదాలు కుదురుగా ఆనవు. నీళ్లు నిండిన బక్కెట్టు ఏడాది, రెండేళ్ల బిడ్డకు ప్రాణాంతకం. తలకిందులుగా పడిన బిడ్డ తనంతట తాను లేవలేదు. యాసిడ్‌నూ ఫినాయిలునూ పాత మంచినీళ్ల సీసాలలో పోసి మూలన పెట్టే అలవాటు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. కట్టడం వెనుక పగిలిన సెప్టిక్ ట్యాంకు మూత మీద పిల్లలు గంతులు వేయకుండా చూడాలి. ఇక గడియ సంగతి. లోపల బిగించుకొన్న గడియను తీయలేక భయపడి ఏడ్చే పిల్లలు ఎందరో. చిన్నవారితో "గడియ వేయవద్దు, తలుపు నేను పట్టుకొంటాను" అని చెప్పి, చెప్పినట్లే పట్టుకొని నిలబడాలి. సంచిలో చిన్న సబ్బు ముక్క ఉంటే, అక్కడ సబ్బు ఉన్నా లేకున్నా చేతులు కడిగించవచ్చు.

ఈ చిక్కులన్నీ తలచుకొని కొందరు పెద్దలు ప్రయాణంలో పిల్లలకు నీళ్లు తక్కువగా ఇస్తారు. "కాస్త ఆపుకో" అంటారు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఇది రక్షణ కాదు. ఎండ వేళ నీరు తగ్గితే ఒంటికి చేటు. మూత్రం ఆపుకోవడం అలవాటైతే మూత్రనాళ వ్యాధులకూ, మలం ఆపుకోవడం మలబద్ధకానికీ దారి తీస్తాయి.

తోడుగా ఎవరు వెళ్లాలన్నది కుటుంబాలలో తరచు తలెత్తే ప్రశ్న. నాలుగేళ్ల కూతురితో ఒంటరిగా ప్రయాణించే తండ్రి స్త్రీల వైపు వెళ్లలేడు. ఆ పిల్లను ఒంటరిగా పంపనూ లేడు. దివ్యాంగుల కోసం వేరుగా గది ఉన్న చోట కాపలాదారును అడిగి దానిని వాడుకోవచ్చు. లేనప్పుడు, బిడ్డను ఎత్తుకొని పురుషుల వైపే తలుపు ఉన్న గదిలోకి నేరుగా తీసుకొని వెళ్లడంలో సంకోచించవలసినది ఏమీ లేదు. తల్లి వెంట ఉన్న చిన్న మగపిల్లవాడు స్త్రీల వైపు వస్తే విసుక్కొనేవారు కూడ ఈ ఇబ్బందిని గ్రహించాలి. ఆపై వయసు వారి విషయంలో ఇన్నేళ్లని గీత గీయడం కంటె, ఆ చోటును చూసి నిర్ణయించుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఇంటి దగ్గర అన్నీ స్వయంగా చేసుకొనే ఎనిమిదేళ్ల పిల్లవాడు కూడ రద్దీ స్టేషనులో పసివాడే. అతడు లోపలికి వెళ్లినప్పుడు పెద్దలు వాకిట్లోనే నిలిచి, పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడుతూ ఉండాలి. ఆ గొంతు లోపలి పిల్లవానికి ధైర్యం. లోపల ఉన్న ఇతరులకు ఇతడు ఒంటరివాడు కాడన్న సూచన.

రైలులో ఈ చిక్కు కొంత తక్కువ. ఎవరైనా బిడ్డతో పాటు లోపలికి వెళ్లవచ్చు. అయితే అక్కడి మరుగుదొడ్లు పెట్టె చివర, ఎక్కి దిగే తలుపుల పక్కనే ఉంటాయి. రాత్రివేళ నిద్రమత్తులో ఒక తలుపు బదులు మరొకటి తీస్తే ఏమి జరుగుతుందో ఊహించవచ్చును. పెద్దలను లేపకుండా బెర్తు దిగవద్దని పడుకోబోయే ముందే పిల్లలకు చెప్పి ఉంచాలి.

భాష మరొక అడ్డంకి. తెలుగు మాత్రమే చదవనేర్చిన పిల్లవాడు వారణాసిలోనో హౌరాలోనో బోర్డు చూసి ఏది ఎవరిదో పోల్చుకోలేడు. బొమ్మలు వేసిన బోర్డులు ఇక్కడ అక్షరాలకంటె ఎక్కువ మేలు చేస్తాయి. తప్పిపోయిన బిడ్డ ఊరి పేరు చెప్పినా వినేవారికి అర్థం కాకపోవచ్చు. అందుకే శబరిమల యాత్రలో పంపా వద్ద పోలీసులు చిన్నపిల్లల మణికట్టుకు పేరు, పెద్దల ఫోను నంబరు రాసిన పట్టీ కడతారు. ఏ ప్రయాణంలోనైనా ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. పిల్లవాని జేబులో నంబరు రాసిన కాగితం ముక్క ఉన్నా చాలును.

ఇక మనుషుల మాట. "కొత్తవాళ్లతో మాట్లాడకు" అని పిల్లలను భయపెట్టడం మన అలవాటు. కాని 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాలలో జరిపిన అధ్యయనంలో, పిల్లలపై లైంగిక దుశ్చర్యలకు పాల్పడిన వారిలో సుమారు సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారో, వారి బాధ్యత వహించేవారో అని తేలింది. కనుక మనిషిని బట్టి కాక పనిని బట్టి గుర్తించడం నేర్పాలి. దుస్తుల లోపలి అవయవాలను చూడబోయేవారు, తాకబోయేవారు, ఫోనుతో ఫొటో తీయబోయేవారు, "ఇది ఎవరికీ చెప్పవద్దు" అనేవారు ఎవరైనా సరే, గట్టిగా అరిచి బయటికి పరుగెత్తి రావాలి. ఇంత చెప్పిన తరువాత కూడ పిల్లలు చెప్పకపోవడానికి ఒక కారణం మనమే కల్పిస్తున్నాము. బట్టలు లేని బిడ్డను చూసి "సిగ్గు సిగ్గు" అని నవ్వుతాము. ఆ అవయవాల పేరెత్తితే కసురుతాము. మాటే తప్పని నేర్చిన బిడ్డ రేపు జరిగినదానిని ఏ మాటతో చెబుతుంది? స్నానం చేయించేటప్పుడు కన్ను, ముక్కు, చేయి అని నేర్పినట్లే మిగిలిన పేర్లూ మామూలు గొంతుతో నేర్పవచ్చు.

బిడ్డ ఏదైనా చెప్పినప్పుడు "నువ్వెందుకు వెళ్లావు?" అని మొదలుపెట్టరాదు. రైలులో 139కి, ఎక్కడైనా 1098కి ఫోను చేయవచ్చును. 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు బాలురకూ బాలికలకూ సమానంగా వర్తిస్తుంది. నేరం జరిగినట్లు తెలిసినవారు దానిని పోలీసులకు తెలియజేయాలని ఆ చట్టం నిర్దేశిస్తున్నది. బిడ్డ వాఙ్మూలాన్ని ఇంటి వద్దనో, బిడ్డ కోరిన చోటనో నమోదు చేయాలి. వీలైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా, తల్లిదండ్రుల సమక్షంలోనో బిడ్డ నమ్మిన మరొకరి సమక్షంలోనో వినాలి. రాత్రివేళ బిడ్డను పోలీసు స్టేషనులో ఉంచరాదు. అవసరమైనప్పుడు దుబాసీ సాయం తీసుకోవడానికి కూడ ఆ చట్టంలో వీలున్నది. కాబట్టి నాగపూరులో గాని, భువనేశ్వరులో గాని తెలుగు బిడ్డ తనకు జరిగినదానిని తెలుగులోనే చెప్పుకోవచ్చు.